ఆహ్వాన పత్రికలో వెయ్యని విషయం

(జంషెడ్‌పూర్ టెల్కో కాలనీలో జరిగిన మన బ్యాంకు సిబ్బంది, విశ్రాంత ఉద్యోగుల కుటుంబాల సమావేశంలో ఒక విశ్రాంత అధికారిణి చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశాల్లో నన్ను ఎప్పుడు మాట్లాడమన్నా పెన్షన్ లెక్కలో, నామినేషన్ ఫారాలో చెప్పి దిగిపోవడం అలవాటు. ఈసారి విషయం నేనే ఎంచుకున్నాను. ఫోనులో చెబితే కార్యదర్శిగారు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మేడమ్, ఆహ్వాన పత్రికలో ఏమని వెయ్యమంటారు?" అన్నారు. "ఆరోగ్య విషయాలు అని వేసెయ్యండి" అన్నాను. ఫోను పెట్టేశాక నా మీద నాకే కోపం వచ్చింది. దాచకూడదని చెప్పడానికి బయల్దేరి, మొదటి అడుగులోనే దాచేశాను. కాబట్టి ఇప్పుడు సూటిగా చెబుతున్నాను. మూత్రం, మలం ఆపుకోలేకపోవడం గురించి ఈ పావుగంటా మాట్లాడతాను. లేచి వెళ్ళాలనిపించినవాళ్ళు వెళ్ళండి, ఏమీ అనుకోను. ఈ జబ్బు ఉన్నవాళ్ళు ఎలాగూ గుమ్మం పక్కనే కూర్చుని ఉంటారు. నేనూ ఏళ్ళ తరబడి అక్కడే కూర్చున్నాను.

మనలో చాలామందిమి శ్రీకాకుళం, విజయనగరం వైపునుంచి తాతల కాలంలో ఇక్కడికి వచ్చినవాళ్ళం. మన ఇళ్ళలో ఈ పనికి వెళ్ళడానికి బోలెడు మాటలున్నాయి. ఒకటికి, రెండుకి, ఒంటేలుకి, దొడ్డికి, బయటికి. కానీ ఆపుకోలేకపోతున్నానని చెప్పుకోవడానికి ఒక మాట లేదు. మాట లేకపోతే డాక్టరు దగ్గర ఏం చెబుతాం?

ముందు నా సంగతి. రెండో కాన్పు తర్వాత సెలవు ముగించుకుని వచ్చేసరికి నన్ను క్యాష్ కౌంటరులో కూర్చోబెట్టారు. క్యాష్ క్యాబిన్ ఎలా ఉంటుందో ఇక్కడున్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. లోపలినుంచి తలుపు వేసుకోవాలి. మధ్యలో లేవాలంటే నోట్లన్నీ పెట్టెలో పెట్టి తాళం వెయ్యాలి, ఆఫీసరుకి చెప్పాలి, బయట లైనులో ఉన్నవాళ్ళ చూపులు భరించాలి. జీతాల రోజుల్లో అయితే ఆ లైను గేటు దాకా ఉండేది. పాత నోట్ల కట్ట విప్పితే దుమ్ము లేస్తుంది కదా, నాకు తుమ్ములు. తుమ్మినప్పుడల్లా బట్ట తడిసేది. ముదురు రంగు చీరలే కట్టేదాన్ని. పాత నూలు చీర చింపి మడతలు పెట్టుకునేదాన్ని. ఉదయం పదినుంచి సాయంత్రం దాకా నీళ్ళు ముట్టేదాన్ని కాదు. మే నెలలో జంషెడ్‌పూర్ ఎండలో నీళ్ళు తాగకుండా ఉండటమంటే ఏమిటో మీకు తెలుసు. మంట, జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అని మూడుసార్లు మందులు వాడాను. మందు రాసిన డాక్టరుకి అసలు సంగతి చెప్పలేదు. మా అమ్మతో ఒకసారి అంటే, "పిల్లల్ని కన్నవాళ్ళకి మామూలేనమ్మా" అంది. ఆవిడకీ ఎవరో అలాగే చెప్పి ఉంటారు.

మార్చి 3న జంషెడ్‌జీ టాటా పుట్టినరోజుకి జూబ్లీ పార్కులో దీపాలు పెడతారు. పిల్లలు ఏడాదంతా దానికోసం ఎదురుచూసేవారు. ఆ జనంలో అన్ని గంటలు, మరుగుదొడ్డి ఎక్కడో తెలియకుండా. "తలనొప్పిగా ఉంది, మీ నాన్నతో వెళ్ళండి" అనేదాన్ని. అలా పదకొండేళ్ళు గడిచాయి. మా అబ్బాయి ఇప్పుడు పెద్దవాడై, "అమ్మకి దీపాలంటే ఇష్టం ఉండేది కాదు" అంటుంటాడు.

మా అత్తయ్య కథ ఇంకా కష్టమైనది. మామయ్యగారు పోయాక ఊళ్ళో ఇల్లు తాళం పెట్టి ఆవిడని టెల్కో క్వార్టరుకి తీసుకొచ్చాం. మొదట్లో బాగానే ఉన్నారు. ప్రతి శుక్రవారం భువనేశ్వరి అమ్మవారి గుడికి వెళ్ళేవారు. శ్రీరామనవమికి బిష్టుపూర్ రామమందిరానికి అందరికంటే ముందు తయారయ్యేవారు. రెండేళ్ళకి ఒక్కొక్కటే మానేశారు. గుడి మానేశారు. తర్వాత ఇంట్లో పూజగదిలోకి కూడా వెళ్ళలేదు, గడప బయటే నిలబడి దణ్ణం పెట్టుకునేవారు. రాత్రి అన్నం మానేశారు. మామయ్యగారు పోయిన దిగులనుకున్నాం. ఒక తెల్లవారుజామున నీళ్ళకని లేస్తే, చీకట్లో బాత్‌రూములో చీర ఉతుక్కుంటున్నారు. "ఏమైంది అత్తయ్యా?" అంటే, "విరోచనాలు అమ్మాయ్, తగ్గిపోతాయిలే" అన్నారు.

మందుల షాపుకి వెళ్ళి విరోచనాలు ఆగే మాత్రలు తెచ్చాను. అక్కడ తప్పు నాది. రెండు నెలలు వేశాను. తగ్గకపోగా పెరిగింది.

అప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్ళాం. డాక్టరుగారికి తెలుగు రాదు, అత్తయ్యకి కూరగాయల బండి దగ్గర బేరమాడేంత హిందీ తప్ప రాదు. మావారు పక్కనున్నారు. కొడుకు ఎదురుగా ఈ మాట ఎలా చెబుతారు? పదేళ్ళ మనవడు మధ్యలో దూరి, నానమ్మకి కడుపునొప్పి అని హిందీలో చెప్పాడు. గ్యాసు మాత్రలతో తిరిగొచ్చాం. డాక్టరుని అనడానికి లేదు. ఆయనకి చెప్పింది అదే కదా.

రెండోసారి నేనొక్కదాన్నే తీసుకెళ్ళాను. ముందురోజు రాత్రి ఒక చీటీ మీద హిందీలో నాలుగు వాక్యాలు రాసుకున్నాను. మలం ఆపుకోలేకపోతున్నారు. ఎన్నాళ్ళనుంచి. రోజుకి ఎన్నిసార్లు. ఏ మందులు వాడాం. ఆ చీటీ లేడీ డాక్టరు బల్లమీద పెట్టి ఊరుకున్నాను. ఆవిడ చదివి, మరేమీ అడగకుండా, తెర వెనక పడుకోబెట్టి వేలితో పరీక్ష చేసి బయటికొచ్చారు. "ఈవిడవి విరోచనాలు కావు, మలబద్ధకం" అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆవిడ చెప్పింది ఇది. రోజుల తరబడి గట్టిపడిన మలం కింద అడ్డుగోడలా కూర్చుంటుంది. పైనుంచి వచ్చే పల్చటి మలం దాని పక్కలనుంచి కారిపోతుంది. చూసేవాళ్ళకి విరోచనాల్లా కనిపిస్తుంది. దానికి ఆగే మందు వేస్తే గోడ ఇంకా గట్టిపడుతుంది. పెద్ద వయసులో, కదలిక తక్కువైనవాళ్ళలో, నీళ్ళు మానేసినవాళ్ళలో ఇది తరచుగా వచ్చేదేనట. ఎనిమా ఇచ్చారు, మలం మెత్తబడే మందు రాశారు. ఉదయం కాఫీ, టిఫిను అయిన అరగంటలోపు కమోడ్ మీద కూర్చోబెట్టమన్నారు, ఎందుకంటే ఏదైనా తిన్న వెంటనే పేగు తనంతట తానే కదులుతుంది. కాళ్ళకింద చిన్న పీట వెయ్యమన్నారు, మోకాళ్ళు నడుముకంటే కొంచెం పైకి ఉండాలి. మన పాతకాలపు కూర్చునే పద్ధతికి ఇది దగ్గర. ఆరు వారాలు పట్టింది. ఒక శుక్రవారం నేను బ్యాంకునుంచి వచ్చేసరికి వీధి తలుపు దగ్గర పట్టుచీర కట్టుకుని కూర్చున్నారు. "గుడికి ఆటో మాట్లాడతావా?" అన్నారు. అంతే. ఆ విషయం మళ్ళీ మా మధ్య ఎప్పుడూ రాలేదు.

అయితే ఆ రోజు ఆస్పత్రిలో ఇంకో సంగతి జరిగింది. మందులు రాస్తూ ఆ డాక్టరమ్మ తల ఎత్తకుండానే, "మీకెంతమంది పిల్లలు? దగ్గినా తుమ్మినా తడుస్తోందా?" అని అడిగారు. పదకొండేళ్ళలో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడ. అవునన్నాను. ఏడ్చాను కూడా. ఆవిడ నన్ను ఫిజియోథెరపీ గదికి పంపారు.

అక్కడ నేర్పిన వ్యాయామం మీకు చెప్పి తీరాలి. దీన్ని కెగెల్ వ్యాయామం అంటారు. ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా డాక్టరు 1948లో దీని గురించి రాశారు. మన పొత్తికడుపు అడుగున, ముందు ఎముకనుంచి వెనక తోక ఎముక దాకా ఉయ్యాలలా కట్టిన కండరాలుంటాయి. మూత్రసంచినీ, గర్భసంచినీ, పేగు చివరి భాగాన్నీ అవే మోస్తాయి. కాన్పులో అవి సాగుతాయి. నలుగురిలో కూర్చున్నప్పుడు గ్యాసు బయటికి పోకుండా బిగబడతాం చూడండి, ఆ బిగువు వాటిదే. అలా బిగించి లోపలికి, పైకి లాగాలి. ఐదు అంకెలు లెక్కపెట్టాలి, వదలాలి, మళ్ళీ ఐదు అంకెలు విశ్రాంతి. పదిసార్లు. రోజుకి మూడు పూటలా. ఊపిరి బిగబట్టకూడదు, తొడలు, పిరుదులు బిగించకూడదు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చెయ్యకూడదు. చాలామంది తెలియక కిందికి ముక్కుతారు, దానివల్ల కీడే. అందుకే మొదటిసారి తెలిసినవాళ్ళ దగ్గర నేర్చుకోవాలి. మూడు నెలలు ఒక్కరోజు మానకుండా చేస్తేగాని ఫలితం ఇంత అని చెప్పలేం. తుమ్ము వస్తోందని తెలిసిన క్షణంలో, తుమ్మకముందే బిగించడం కూడా నేర్పారు. నాకు ఎక్కువ పనికొచ్చింది ఆ చిట్కాయే. నాలుగో నెలలో ఒకరోజు కట్ట విప్పి తుమ్మాను, ఏమీ కాలేదు. క్యాబిన్‌లో ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే కస్టమరు అనుమానంగా నోట్లు మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు.

అందరిదీ నాలాంటి సమస్య కాదు. ఇంటికొచ్చి గుమ్మం తాళం తీస్తుండగానే ఇక ఆగదు అనిపించేవాళ్ళున్నారు. కుళాయి శబ్దం వింటే పరుగెత్తేవాళ్ళున్నారు. వాళ్ళకి కండరాలకంటే మూత్రసంచి తొందర ఎక్కువ. నిండకముందే అది బిగుసుకుంటుంది. వాళ్ళు చెయ్యవలసింది పరుగెత్తకుండా ఆగడం. ఉన్నచోట నిలబడి నాలుగైదుసార్లు బిగిస్తే ఆ తొందర ఒక అలలా వచ్చి దిగుతుంది. అప్పుడు నడిచి వెళ్ళాలి. రాత్రిపూట చీకట్లో బాత్‌రూముకి పరుగెత్తి తుంటి విరగ్గొట్టుకునేవాళ్ళు పెద్దవాళ్ళలో ఎందరో. తర్వాత గంటకోసారి వెళ్ళేవాళ్ళు గంటంపావుకి, కుదిరితే గంటన్నరకి, అలా పావుగంట చొప్పున వారాల మీద పెంచుకుంటూ పోవాలి. దీనికి మందులు కూడా ఉన్నాయి. మొదటిరకానికి, వ్యాయామంతో తగ్గకపోతే, ఆపరేషన్ ఉంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు మూడు రోజుల లెక్క రాసుకోండి. ఏ టైముకి ఎంత తాగారు, ఎంత పోశారు, ఎప్పుడు తడిసింది. కొలతకి మిల్లీలీటర్ల గీతలున్న పాత ప్లాస్టిక్ మగ్గు చాలు. రాబడి, పోబడి రాయడం బ్యాంకువాళ్ళకి ఎవరైనా నేర్పాలా? పెద్దవాళ్ళ సంచి సుమారు 400 నుంచి 500 మిల్లీలీటర్లు పడుతుంది. పగలు ఆరు, ఏడుసార్లు వెళ్ళడం మామూలు. మీ లెక్క చూస్తే డాక్టరుకి సగం సంగతి అక్కడే తెలుస్తుంది. టీలు ఎన్ని అన్నది కూడా రాయండి, అదొక కారణం. నీళ్ళు మాత్రం మానకండి. గుండెకో, మూత్రపిండాలకో డాక్టరు కొలత పెట్టి ఉంటే తప్ప. నీళ్ళు తగ్గిస్తే మూత్రం చిక్కబడి సంచిని ఇంకా రేపుతుంది, పైగా మలబద్ధకం.

ఇప్పుడు మగవారికి. అటువైపు అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు, వింటున్నారని తెలుసు. ప్రోస్టేట్ గ్రంథి పెరిగితే ధార సన్నబడుతుంది, మొదలవడానికి సేపు పడుతుంది, అయిపోయాక కూడా చుక్కలు పడతాయి. కొందరికి సంచి ఎప్పుడూ పూర్తిగా ఖాళీ కాదు, నిండిన కుండ పొర్లినట్టు పొర్లుతుంది. అలాంటివారు పక్కింటాయన వాడిన తొందర తగ్గే మాత్రలు తెచ్చుకుని మింగితే మూత్రం పూర్తిగా బిగుసుకుపోవచ్చు. మూత్రం పోశాక సంచిలో ఎంత మిగిలిందో స్కానింగులో చూస్తారు, యూరాలజిస్టుని అది అడగండి. ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాత గొట్టం తీశాక కొన్ని వారాలు, నెలలు కారడం ఉంటుంది. చాలామందికి తగ్గుతుంది. నేను చెప్పిన వ్యాయామం మగవారికీ అదే. ఇంకొక మాట. ఆఫీసుల్లో మగవాళ్ళ మరుగుదొడ్లో చెత్తబుట్ట ఉండదు. ప్యాడ్ పెట్టుకున్న మనిషి దాన్ని ఎక్కడ పారెయ్యాలి? బ్రాంచి మేనేజర్లు ఇక్కడ ఎవరైనా ఉంటే, మూతున్న బుట్ట ఖరీదు పెద్దది కాదు.

పిల్లల గురించి ఎక్కువ చెప్పను. ఐదేళ్ళలోపు పక్క తడపడం జబ్బు కాదు. తర్వాత కూడా కొడితే తగ్గదు. ఆరు నెలలపాటు బాగా ఉన్న పిల్లలు మళ్ళీ మొదలుపెడితే మాత్రం చూపించండి. షుగరు, ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, లేక బడిలో ఏదో భయం.

షుగరు మాట పెద్దలకీ వర్తిస్తుంది. బీపీకి ఇచ్చే కొన్ని మాత్రలు మూత్రం ఎక్కువ చేస్తాయి. వాటిని మీరే మానకండి, ఏ పూట వేసుకోవాలో డాక్టరునే అడగండి.

కొన్నింటికి మాత్రం ఆగకూడదు. మూత్రంలో గాని మలంలో గాని రక్తం పడితే. మలం అలవాటు ఉన్నట్టుండి మారి, బరువు తగ్గుతుంటే. నడుంనొప్పితోపాటు కాళ్ళు బలహీనపడి, కూర్చునే చోట స్పర్శ తెలియక, మూత్రం బిగుసుకున్నా, ఆగకపోయినా అదే రోజు, అదే గంటలో ఆస్పత్రికి వెళ్ళాలి. వెన్నులో నరాలు నలుగుతున్నాయన్నమాట. కాన్పులో కింద లోతుగా చిరిగి, తర్వాత గ్యాసు, మలం ఆగని తల్లులు సిగ్గుపడి ఇంట్లో కూర్చోవద్దు. దాన్ని సరిచేసే సర్జన్లున్నారు.

వెన్నుదెబ్బ తగిలి నడుము కింద స్పర్శ లేనివారి ఇళ్ళు మన ఊళ్ళోనూ ఉన్నాయి. వారికి సన్నటి గొట్టాన్ని తామే పెట్టుకుని సంచి ఖాళీ చేసుకుని తీసేసే పద్ధతి ఉంది. 1972లో అమెరికాలో లాపిడెస్ అనే డాక్టరు దీన్ని చూపించారు. శుభ్రమైన చేతులతో ఇంట్లోనే చేసుకోవచ్చు. మనవాళ్ళు వైద్యానికి వెల్లూరు రైలెక్కుతుంటారు కదా, అక్కడి సీఎంసీలో ఇలాంటి శిక్షణ ఇచ్చే పునరావాస విభాగాన్ని నిలబెట్టింది డాక్టర్ మేరీ వర్గీస్. కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడి, చక్రాల కుర్చీలోనే ఉండి ఆపరేషన్లు చేసిన మనిషి.

మనకి ఎక్కడ దొరుకుతుంది సాయం? మొదట మీ మామూలు డాక్టరే. ఆడవారు గైనకాలజిస్టు దగ్గరికి, మగవారు యూరాలజిస్టు దగ్గరికి, మలం సంగతైతే సర్జన్ దగ్గరికి. టాటా మెయిన్ హాస్పిటల్, మన కాలనీలో టాటా మోటార్స్ హాస్పిటల్, ఎంజీఎం మెడికల్ కాలేజీ ఆస్పత్రి ఉన్నాయి. మీ కుటుంబానికి ఎక్కడ వీలవుతుందో చూసుకోండి. ఫిజియోథెరపీ విభాగంలో ఈ వ్యాయామం నేర్పేవారున్నారా అని విడిగా అడగండి, అడగకపోతే ఎవరూ చెప్పరు. ఆపరేషన్ దాకా వస్తే మన గ్రూప్ మెడికల్ పాలసీ కాగితం ముందే చదవండి, చీటీలు, బిల్లులు పారెయ్యకండి. 70 దాటిన అమ్మానాన్నలకి 2024 అక్టోబరు చివరినుంచి ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు. ఆస్పత్రిలో చేరితేనే అది పనికొస్తుంది, బయటి మందులకి కాదు.

ఇంట్లో చూసుకునేవాళ్ళకి రెండు మాటలు. నెలసరి ప్యాడ్లు మూత్రాన్ని సరిగ్గా పీల్చవు, దీనికి వేరేవి అమ్ముతారు. పెద్దల డైపర్ నడుము కొలత చూసి కొనాలి. తెల్లారిందాకా ఒక్కటే ఉంచేస్తే చర్మం ఒరిసిపోతుంది. కడిగాక రుద్దకుండా అద్ది ఆరబెట్టాలి. మంచం పక్కన కమోడ్ కుర్చీ, దారిలో రాత్రి దీపం, పరుపు మీద రబ్బరు షీటు, దానిమీద నూలు దుప్పటి. డైపర్ వెయ్యడమే వైద్యం అనుకోకండి. కారణం వెతకకుండా డైపర్ వేస్తే, మా అత్తయ్యకి నేను మాత్రలు వేసినట్టే. చూసుకునేవారికీ ఓపిక అయిపోతుంది. విసుక్కుంటాం, తర్వాత బాధపడతాం. పెద్దల సంగతులకి 14567 అనే ఎల్డర్‌లైన్ ఉంది, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా. మీ మనసు బాగోలేకపోతే 14416, టెలీ మానస్, ఏ వేళయినా, తెలుగులో కూడా మాట్లాడతారు. రెండూ ఉచితమే.

టీ సిద్ధమైందంటున్నారు, ముగిస్తాను. మీ కుర్చీల మీద తెల్ల చీటీలు పెట్టించాను. మీకో, మీ ఇంట్లో ఎవరికో ఉన్న ఇబ్బందిని తెలుగులో రాయండి. పేరు రాయకండి, ఒక మూల మీకు గుర్తుండే అంకె వెయ్యండి. తలుపు దగ్గర పాత సలహాల పెట్టె ఉంది, దాంట్లో వెయ్యండి. ఆ చీటీని డాక్టరుకి చూపించడానికి వీలుగా హిందీలో రాసి, అదే అంకెతో వచ్చే ఆదివారం ఈ హాల్లోనే బల్లమీద పెడతాను. ఎవరిది వాళ్ళు తీసుకుని వెళ్ళండి. నేను ఆ సమయంలో వెనకగదిలో ఉంటాను, ఎవరు ఏది తీసుకున్నారో చూడను.